అణా బిళ్ల

ఉదరపోషణకు వృత్తి ఎంత అవసరమో, మనోవికాసానికి ప్రవృత్తి అంత అవసరం. కొందరికి సంగీతం, కొందరికి చిత్రలేఖనం, మరికొందరికి తోటపని తీరిక వేళల్లో తోడునీడలై నిలుస్తాయి. నాకు మాత్రం బాల్యం నుంచి నేటి దాకా విడవని నేస్తం తపాలా బిళ్ల. దానితోపాటు, చాలామంది సేకర్తలు చిన్నచూపు చూసే రెవిన్యూ స్టాంపు కూడా. 'రాజుల అభిరుచి, అభిరుచులలో రాజు' అని స్టాంపుల సేకరణకు పేరు. బ్రిటిష్ చక్రవర్తి అయిదవ జార్జి స్వయంగా గొప్ప సేకర్త కావడం వల్ల ఆ నానుడికి బలం చేకూరింది. అయితే కడప జిల్లాలో, పులివెందుల దగ్గరి ఒక పల్లెలో పుట్టిన నావంటివానికి ఈ అభిరుచి అబ్బడానికి రాజులతో నిమిత్తం లేకపోయింది. మా చిన్నాయన ప్రొద్దుటూరులో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా పనిచేసేవాడు. ఆ అంగడికి బొంబాయి నుంచి, అహమ్మదాబాదు నుంచి, కోయంబత్తూరు నుంచి జాబులు వచ్చేవి. లెక్కలు ఎక్కించుకొన్న తరువాత పారవేసే కవర్లను ఆయన జాగ్రత్తగా దాచి, పండుగకు ఊరికి వచ్చినప్పుడు బెల్లపు మిఠాయితోపాటు నా చేతిలో పెట్టేవాడు. మిఠాయి ఆ పూటకే అయిపోయేది. కవర్లు మాత్రం నేటికీ ఉన్నాయి.

నేను ఆ కవర్లను కేవలం రంగు కాగితాలుగా చూడటం మాని, చదవడం మొదలుపెట్టింది 1971 చివర. ఆ సంవత్సరం తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది కాందిశీకులు మన దేశానికి తరలివచ్చారు. వారి సహాయార్థం ప్రభుత్వం ఉత్తరాలపై అయిదు పైసల అదనపు సుంకం విధించింది. కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం అంతకుముందే ముద్రించిన అయిదు పైసల బిళ్లపై 'కాందిశీక సహాయం' అన్న అర్థం వచ్చే ఆంగ్ల పదాలను అచ్చు వేయించి తొలుత వాడుకలోకి తెచ్చారు. తరువాత అందుకోసమే ప్రత్యేకంగా ఒక బిళ్లను ముద్రించారు. చిన్నాయన తెచ్చిన కవర్లపై ఎప్పుడూ ఉండే బిళ్ల పక్కన ఈ కొత్త బిళ్ల ఎందుకు చేరిందో నాకు అర్థం కాలేదు. మా బడిలో సాంఘికశాస్త్రం చెప్పే అయ్యవారిని అడిగాను. ఆయన భారతదేశ పటం తీసి, ఢాకా ఎక్కడుందో, పులివెందుల ఎక్కడుందో వేలితో చూపించి, "అంత దూరాన జరిగే యుద్ధానికి మనమందరమూ ఉత్తరానికి అయిదు పైసల చొప్పున చెల్లిస్తున్నాము" అన్నారు. వేలెడంత లేని కాగితంలో అంత చరిత్ర ఇమిడి ఉందని తెలిసిన రోజు అది.

స్టాంపుల సేకరణను ఆంగ్లంలో 'ఫిలటెలీ' అంటారు. 1864లో జార్జి ఎర్పాఁ అనే ఫ్రెంచి సేకర్త గ్రీకు పదాల నుంచి ఈ మాటను కూర్చాడు. పన్ను నుంచి మినహాయింపు పట్ల ఇష్టం అని దాని వాచ్యార్థం. పంపేవాడు ముందుగానే సొమ్ము చెల్లించి బిళ్ల అతికిస్తాడు కాబట్టి, ఉత్తరం అందుకొనేవానికి సుంకం చెల్లించే బాధ తప్పుతుంది. ఆ సౌకర్యమే ఈ పేరుకు ఆధారం. అంతకుముందు ఇంగ్లండులో తపాలా సుంకాన్ని సాధారణంగా ఉత్తరం అందుకొన్నవారే చెల్లించేవారు. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి వెల మారేది. ఈ గందరగోళాన్ని తొలగించి, దేశమంతటికీ ఒకే తక్కువ ధరను నిర్ణయించి, దానిని ముందే చెల్లించే పద్ధతిని రోలండ్ హిల్ ప్రతిపాదించాడు. దాని ఫలితంగా 1840 మే నెలలో విక్టోరియా రాణి ముఖచిత్రంతో 'పెన్నీ బ్లాక్' అనే నల్లని బిళ్ల వెలువడింది. ప్రపంచంలో జిగురుతో అతికించే మొట్టమొదటి తపాలా బిళ్ల అదే.

మన దేశంలో ఈ పద్ధతి తొలుత సింధు ప్రాంతంలో అడుగుపెట్టింది. 1852లో అక్కడి కమిషనర్ బార్టిల్ ఫ్రేర్ అర్ధణా విలువ గల 'సిందె డాక్' బిళ్లలను ప్రవేశపెట్టాడు. ఆసియా ఖండంలోనే అవి తొలి తపాలా బిళ్లలు. 1854 అక్టోబరు నుంచి కంపెనీ పాలనలోని భారతదేశమంతటా ఒకే రకమైన బిళ్లలు చెలామణిలోకి వచ్చాయి. పావు తులం బరువున్న ఉత్తరం అర్ధణాకే దేశంలో ఏ మూలకైనా చేరే వెసులుబాటు కలిగింది. కడప నుంచి మద్రాసుకు వెళ్లినా, కలకత్తాకు వెళ్లినా వెల ఒకటే. ఈ మార్పుతో మన జిల్లాకు ఒక చక్కని సంబంధం ఉంది. తెలుగు నిఘంటుకర్తగా మనమందరమూ గౌరవించే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసినవాడు, అక్కడ ఇల్లు కొని పండితులను పోషించి తాళపత్ర గ్రంథాలను పరిష్కరింపజేసినవాడు. ఆయన 1846లో మద్రాసులో పోస్టుమాస్టర్ జనరల్ పదవిని చేపట్టి, 1855లో ఉద్యోగం విడిచి స్వదేశం వెళ్లాడు. అంటే దక్షిణాదిలో తొలి తపాలా బిళ్లలు ఉత్తరాలపైకి ఎక్కిన రోజుల్లో ఆ శాఖ పెద్దగా ఉన్నది మన బ్రౌనే. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించినది కూడా ఆయనే. ఆ వేమనపై మన తపాలా శాఖ 1972లో ఒక బిళ్లను విడుదల చేసింది. నా సంచికలో ఆ బిళ్లను చూసినప్పుడల్లా, కవికీ ప్రచురణకర్తకూ మధ్య తపాలా బంధం కూడా కుదిరిందని సంతోషిస్తాను.

జమ్మలమడుగులో చదువుకొనే రోజుల్లో నా దృష్టి బిళ్ల నుంచి దానిపై పడిన ముద్రకు మళ్లింది. తపాలా ముద్రలో ఊరి పేరు, తేదీ ఉంటాయి. ఒక్కొక్కసారి వేళ కూడా ఉంటుంది. బొంబాయి–మద్రాసు రైలుమార్గం మా ప్రాంతం గుండా సాగిపోతుంది. జమ్మలమడుగు, పులివెందులలకు ముద్దనూరు, ప్రొద్దుటూరుకు ఎర్రగుంట్ల దగ్గరి స్టేషన్లు. ఎర్రగుంట్ల–నంద్యాల మార్గం 2016లో పూర్తి అయ్యేదాకా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వంటి పట్టణాలకే రైలు ముఖం సరిగా తెలియదు. దూరప్రాంతపు ఉత్తరం రైలు దిగి, ఆపై రోడ్డు పట్టి ఊరు చేరవలసిందే. కవరు ముందు వైపు బయలుదేరిన ఊరి ముద్ర, వెనుక వైపు చేరిన ఊరి ముద్ర ఉంటే, ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు గడిచాయో లెక్కించవచ్చు. నా దగ్గరున్న కవర్లలో కొన్నింటిని అలా లెక్కించి, ఒక పట్టిక తయారు చేసుకొన్నాను. పెన్నకు నీరు వచ్చిన కార్తె ఏదో, రాకపోకలు ఆగిన రోజులు ఏవో ఆ పట్టిక చూసి ఊహించగలిగేవాణ్ణి.

ముద్రలు పలికే సంగతులు ఇంకా ఉన్నాయి. కడప పేరును ఆంగ్లంలో 'కడ్డపా' అని చదివేటట్లు రాసే పాత పద్ధతి 2005లో అధికారికంగా మారింది. ఆ మార్పుకు ముందువెనుకల ముద్రలు రెండూ పక్కపక్కన పెట్టుకొంటే, ఒక ఊరు తన పేరును తాను తిరిగి పలకనేర్చిన వైనం కనిపిస్తుంది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ విధానం వచ్చింది. ప్రొద్దుటూరు 516360, జమ్మలమడుగు 516434, పులివెందుల 516390 అయ్యాయి. మూడింటికీ ముందున్న 516 అన్న అంకెలే అవి ఒకే జిల్లా బిడ్డలని చెబుతాయి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి ఉంది. విదేశీ బిళ్లల కోసం అలాంటి సంస్థల చుట్టూ తిరగడం ఆనాటి పిల్లలకు అలవాటు. ఆ తరువాతి కాలంలో జిల్లా నుంచి ఎందరో పొట్టచేత పట్టుకొని కువైట్ వెళ్లారు. వారు ఇంటికి రాసిన జాబుల మీది బిళ్లలు మా పల్లెల్లో పిల్లల పుస్తకాలలోకి చేరాయి. ఒక ప్రాంతపు వ్యాపారం, వైద్యం, వలస అన్నీ ఇలా కవరు మూలన గుర్తులు విడిచి వెళ్లాయి.

ఇక రెవిన్యూ స్టాంపు సంగతి. పన్ను మినహాయింపును ఇష్టపడటమే 'ఫిలటెలీ' అయితే, పన్ను చెల్లించినందుకు గుర్తుగా వేసే ఈ బిళ్లను ఇష్టపడటాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఉత్తరానికి తపాలా బిళ్ల ఎలాగో, రసీదుకు, ప్రోనోటుకు రెవిన్యూ స్టాంపు అలాగు. 1899 నాటి భారతీయ స్టాంపుల చట్టం ప్రకారం ఇరవై రూపాయలకు మించిన ప్రతి రసీదుపైన అణా బిళ్ల ఉండి తీరాలి. కాలక్రమాన ఆ పరిమితి పెరుగుతూ వచ్చి, 2004 నుంచి అయిదువేల రూపాయలు దాటిన రసీదుకు రూపాయి స్టాంపుగా స్థిరపడింది. బిళ్లను అతికించడంతో పని ముగియదు. దానిని మళ్లీ వాడటానికి వీలులేకుండా రద్దు చేయాలి. అందుకే బిళ్ల మీదుగా కాగితం పైకి సాగేటట్లు సంతకం చేస్తారు, లేదా వేలిముద్ర వేస్తారు. అలా రద్దు చేయని బిళ్లను చట్టం లేనట్లే భావిస్తుంది. తగిన స్టాంపు లేని ప్రోనోటును న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించదు. తరువాత జరిమానా కడతానన్నా వినదు. వందల రూపాయల బాకీ నిలవడమో నీరుగారడమో ఒక్క అణా బిళ్లపై ఆధారపడి ఉండేదంటే, ఆ చిన్న కాగితానికి ఎంత బరువుందో ఊహించండి.

1906లో ఏడవ ఎడ్వర్డు బొమ్మతో వచ్చిన అర్ధణా, అణా బిళ్లలపై తపాలా, రెవిన్యూ అన్న రెండు మాటలూ కలిపి ముద్రించారు. ఆనాటి నుంచి చాలాకాలం ఒకే బిళ్ల ఉత్తరం మీదా పనికివచ్చింది, ప్రోనోటు మీదా పనికివచ్చింది. ఉత్తరం మీద పడితే దానిపై తపాలా ముద్ర ఉంటుంది. పత్రం మీద పడితే సిరా సంతకమో, వేలిముద్రో ఉంటుంది. పట్టణాల్లోని సేకర్తలలో ఎక్కువమంది మొదటిదానిని ఆదరించి, రెండవదానిని చెడిపోయిన బిళ్లగా తోసిపుచ్చేవారు. మా ప్రాంతంలో మాత్రం ఉత్తరాలు రాసేవారికన్నా ప్రోనోట్లు రాసేవారే ఎక్కువ. చెనక్కాయ విత్తనానికి అప్పు, ఎద్దుల జతకు అప్పు, బావి తవ్వడానికి అప్పు, బిడ్డ పెండ్లికి అప్పు. వానదేవుని దయపై బ్రతికే సీమలో ప్రతి కరువూ ఒక ప్రోనోటుగా ఏదో ఒక పెట్టెలో నిలిచి ఉంటుంది. అందుకే నేను రెండింటినీ సమానంగా సేకరించాను.

సేకరించడం ఒక దశ. సేకరించినదానిని మెరుగుపరచుకోవడం రెండవ దశ. మొదట్లో చిరిగినదైనా, మురికిపట్టినదైనా దొరికితే చాలనుకొంటాము. అనుభవం పెరిగేకొద్దీ కన్ను నిదానిస్తుంది. బొమ్మ నాలుగు అంచుల మధ్య సరిగా అమరిందా, చుట్టూ ఉన్న రంధ్రాల పళ్లు పూర్తిగా ఉన్నాయా, రంగు వెలిసిందా, వెనుక కాగితం పలచబడిందా, ముద్ర బొమ్మను కప్పివేసిందా అని పరీక్షిస్తాము. లోపమున్న ప్రతిని తీసి, ఆ స్థానంలో మేలైన ప్రతిని పెడతాము. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన తొలి బిళ్ల 1947 నవంబరు 21న 'జైహింద్' అక్షరాలతో, జాతీయ పతాకంతో వెలువడింది. 1948 ఆగస్టు 15న మహాత్ముని బిళ్లలు నాలుగు వచ్చాయి. స్విట్జర్లాండులో ముద్రించిన ఆ బిళ్లలపై 'బాపు' అన్న మాట హిందీ, ఉర్దూ లిపులలో ఉంటుంది. వాటిలో పన్నెండణాల బిళ్ల నాకు మొదట మూల చిరిగినది దొరికింది. కొన్నేళ్లకు మద్రాసులో మూర్ మార్కెట్టు పాత పుస్తకాల అంగళ్లలో నిండుగా ఉన్నదీ, నల్లని ముద్ర పడినదీ ఒకటి కొన్నాను. 1985లో ఆ మార్కెట్టు అగ్నికి ఆహుతి అయింది. ఆ తరువాత చాలాకాలానికి ప్రొద్దుటూరులోనే ఒక పాత కవరుపై లేతగా, గుండ్రంగా ముద్ర పడిన ప్రతి లభించింది. మొదటి రెండు ప్రతులను నేను దాచుకోలేదు. కొత్తగా సేకరణ ప్రారంభించిన ఇద్దరు విద్యార్థులకు ఇచ్చాను. మెరుగుపరచుకోవడంలో ఉన్న పుణ్యం ఇదే. పైమెట్టుకు వెళ్లినవాడు కిందిమెట్టును మరొకరికి విడిచి వెళతాడు.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. బిళ్లను వేళ్లతో తాకకుండా పట్టుకోవడానికి చదునైన కొనలు గల పట్టకారు కావాలి. చిన్న భూతద్దం కావాలి. రెండు సెంటీమీటర్ల దూరంలో ఎన్ని రంధ్రాలున్నాయో కొలిచే కొలబద్ద కావాలి. పాత బిళ్లల కాగితంలో నీటిగుర్తు ఉంటుంది. విక్టోరియా కాలంలో 1865 నుంచి ఏనుగు తల గుర్తు, ఆ తరువాత నక్షత్రం గుర్తు, స్వతంత్ర భారతంలో అశోకుని సింహాల గుర్తు వాడారు. చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు బిళ్లలను నీటిగుర్తు వేరు చేసి చూపుతుంది. కవరు ముక్క నుంచి బిళ్లను విడదీయాలంటే గోరువెచ్చని నీటిలో తేలనిస్తే చాలు, పావుగంటలో తానే ఊడివస్తుంది. తరువాత అద్దుడు కాగితంపై బోర్లించి ఆరబెట్టి, బరువైన పుస్తకం కింద ఉంచాలి. కానీ చేతిరాత ఉన్న రెవిన్యూ స్టాంపును నీటిలో వేయరాదు. సిరా కరగి, రాసినవాని గుర్తు కడుక్కుపోతుంది. ఈ చివరి నియమం ఎందుకు ముఖ్యమో నాకు పూర్తిగా బోధపరచింది ఒక అవ్వ.

1980ల నడుమ మాట. జమ్మలమడుగు దగ్గర ఒక నేతపని ఇంటిలో పాత పత్రాలు ఉన్నాయని తెలిసి వెళ్లాను. ఇంటి మనుమడు కట్టను విప్పి చూపించాడు. ఆ కట్టలో 1908 నాటి ఒక ప్రోనోటు ఉంది. అరవై రూపాయల బాకీ. ఎడ్వర్డు చక్రవర్తి బొమ్మతో ఎర్రని అణా బిళ్ల. నాలుగు పక్కలా పళ్లు చెక్కుచెదరలేదు, రంగు నిన్న అచ్చయినట్లుంది. దానిపై అడ్డంగా నల్లని వేలిముద్ర. అంతకుముందు నా సంచికలో ఉన్న ఇదే రకం బిళ్ల ఒక మూల తెగినది, తేదీ కూడా తెలియనిది. తేదీతో, ఊరి పేరుతో, జమ్మలమడుగు ప్రాంతపు పత్రంపై ఇంత స్పష్టంగా ఉన్న ప్రతి నాకు ఎన్నడూ దొరకలేదు. "కావాలంటే బిళ్ల వరకు కత్తిరించి ఇస్తాను సార్. పాత కాగితాలన్నీ ఎటూ తూకానికి వేసేవే" అన్నాడు ఆ మనుమడు. కత్తెర కూడా తెచ్చాడు.

ఆ మాట విని లోపలి నుంచి ఎనభై దాటిన అవ్వ గోడ పట్టుకొని వచ్చింది. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని చేతిలోకి తీసుకొని, వెలుతురుకు తిప్పి, బిళ్ల ఉన్నచోట బొటనవేలు ఆనించింది. ఆ వేలిముద్ర ఆమె తండ్రిది. ఆయన పోయేనాటికి ఆమె చిన్నపిల్ల. ప్రోనోటు వెనుక అయిదు రూపాయల చొప్పున చెల్లు వేసిన వరుసలు ఉన్నాయి. చివరి వరుస కింద బాకీ తీరిందని వడ్డీవ్యాపారి సంతకం ఉంది. బాకీ తీరితే ప్రోనోటు అప్పు తీసుకొన్నవానికి తిరిగి ఇస్తారు. ఆ కాగితం ఆ ఇంట్లో ఉండటమే ఆ మగ్గం మనిషి మాట నిలబెట్టుకొన్నాడని చెప్పే సాక్ష్యం.

"మా నాయనకు పొటో ల్యాదు. ఆ కాలంలో మాకు పొటోలెక్కడివి? మాయమ్మ బతికినన్నినాళ్లూ ఈ కాయితం సూపించి, ఇదో మీ నాయన అనేది" అంది ఆమె. కొంతసేపు ఊరక ఉండి, తిరిగి, "దూరాభారం వచ్చినావు. స్టాంపు నీకు గావాలంటే తీసకపో నాయనా. మా నాయన ఏలిముద్ర మాత్రం నాకు ఇడ్సిపెట్టు" అంది.

బిళ్ల ఒకటి, వేలిముద్ర ఒకటి అయితే ఆమె కోరిక తీరేది. చట్టమే ఆ రెండింటినీ విడదీయరాకుండా కట్టిపడేసింది. బిళ్లను ఇంకెవ్వరూ వాడుకోకుండా ఉండటానికి వేయించిన ముద్ర అది. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి ఒక కాంట్రాక్టు కాగితంపై చేతిముద్ర వేయించాడు. మాట తప్పకుండా ఉండటానికి అదొక ఉపాయమని ఆయన ఆలోచన. ఆ ఉపాయమే క్రమంగా పల్లెపల్లెకూ పాకి, సంతకం రాని కోట్లాది మందికి సంతకమయింది. కానీ ఒక బిడ్డకు అది తండ్రి రూపంగా మిగులుతుందని ఏ అధికారి ఊహించి ఉండడు. నేను కత్తెరను ఆ అబ్బాయికి తిరిగి ఇచ్చాను. "అవ్వా, రెండూ నీ దగ్గరే ఉండనీ" అన్నాను. మడతలు చిట్లిపోతున్న ఆ ప్రోనోటును నా దగ్గరున్న పారదర్శకపు సంచిలో పెట్టి, ఎండ తగలని చోట, చెదలు పట్టని డబ్బాలో ఎలా దాచాలో ఆ మనుమనికి చెప్పాను. వారి అనుమతితో జమ్మలమడుగు బజారులో ఒక ఫొటోస్టాటు మాత్రం తీయించుకొన్నాను. నా సంచికలో అణా బిళ్ల స్థానంలో మూల తెగిన పాత ప్రతే ఉంది. దాని పక్కన ఆ ఫొటోస్టాటు ఉంది.

కొన్నేళ్ల తరువాత ఒక ప్రదర్శనలో ఆ పుటను చూసి ఒక పెద్ద సేకర్త తల పంకించాడు. ఆయన విదేశాలలో కూడా బహుమతులు పొందినవాడు. "ఇంత మంచి సంచికలో ఈ తెగిన బిళ్ల ఎందుకండీ? శుభ్రమైనది నా దగ్గర రెండున్నాయి, ఒకటి ఇస్తాను, మార్చుకోండి" అన్నాడు. ఆయన ఔదార్యానికి నమస్కరించి, జరిగినది వివరించాను. ఆయన అంగీకరించలేదు. "సేకర్తకు బిళ్ల ప్రధానం. కథలు చరిత్రకారులకు వదిలేయండి. ఒకరోజు ఆ కాగితం ఎలాగూ నశిస్తుంది. మీ దగ్గర ఉంటే కనీసం బిళ్ల మిగిలేది" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పల్లెల్లో పాత పత్రాలు ఎలా నాశనమవుతున్నాయో నేను ప్రత్యక్షంగా చూశాను. ఇల్లు మారినప్పుడు, పెద్దలు గతించినప్పుడు, పొలాలు పంచుకొన్నప్పుడు అనేక పెట్టెలు తూకానికి పోతాయి. కొన్నిటిని చెదలు తింటాయి, కొన్ని పొయ్యిలోకి పోతాయి. సేకర్తలు లేకపోతే ఆ బిళ్లల్లో చాలా భాగం ఈనాటికి ఉండేవే కావు.

అయినా ఆయన వాదాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. మెరుగు అన్నది దేనితో కొలవాలన్నదే మా ఇద్దరికీ మధ్య ఉన్న భేదం. బొమ్మ అందాన్ని కొలబద్దగా పెట్టుకొంటే శుభ్రమైన బిళ్ల గొప్పది. అది ఏమి పని చేసిందన్నది కొలబద్ద అయితే, ముద్ర పడినది గొప్పది. అది ఎవరి పక్షాన నిలిచిందన్నది కొలబద్ద అయితే, పత్రం మీదనే, ఆ ఇంట్లోనే ఉన్నది అన్నింటికన్నా గొప్పది. 'బ్రిటిష్ గయానా' దేశపు ఒక సెంటు బిళ్ల ప్రపంచంలో ఒక్కటే ఉంది. 2014లో జరిగిన వేలంలో దాని వెల తొంభై నాలుగు లక్షల డాలర్లు దాటింది. ఆ బిళ్లకు అమ్మకపు ధర ఉంది. జమ్మలమడుగు అణా బిళ్లకు బజారులో పదో పరకో పలుకుతుంది. అయినా దానిని అమ్మడానికి ఆ అవ్వ సిద్ధపడి ఉండేది కాదు. ధర వేరు, విలువ వేరు అని పుస్తకాలలో చదువుకొంటాము. ఆ తేడాను నేను ఆ ఇంటి అరుగుపై చూశాను.

అప్పటి నుంచి నాకు నేనుగా కొన్ని నియమాలు ఏర్పరచుకొన్నాను. పత్రాన్ని కత్తిరించి బిళ్లను తీయను. కవరుపై ఊరి ముద్ర స్పష్టంగా ఉంటే కవరుతోనే ఉంచుతాను. ఇంటి పెద్దల అనుమతి లేకుండా పిల్లలు ఇచ్చే కాగితాలను పుచ్చుకోను. భూమికి, బాకీకి సంబంధించిన పత్రం కనబడితే ముందు ఆ ఇంటివారికి చదివి వినిపిస్తాను. అనేకసార్లు వారికి తమ పెట్టెలో ఏముందో తెలియదు. వాడిన బిళ్లను కడిగి తిరిగి వాడటం శిక్షార్హమైన నేరమని కూడా చెబుతాను. మా సీమ ఎండకు జిగురు పగులుతుంది, తుపాను వానలకు కాగితాలు ఒకదానికొకటి అంటుకొంటాయి. కాబట్టి సంచికలను నిలువుగా పేర్చి, ఏడాదికి రెండుసార్లు గాలి తగిలేటట్లు తిరగవేస్తాను.

తెలుగు వెలుగులు కూడా ఈ చిన్న కాగితాలపై వెలిగాయి. వేమన తరువాత 1974లో కందుకూరి వీరేశలింగం, 1976లో గురజాడ అప్పారావు, 1986లో అల్లూరి సీతారామరాజు, 2000లో పొట్టి శ్రీరాములు తపాలా బిళ్లలకు ఎక్కారు. తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యునిపై 2004లో బిళ్ల వెలువడింది. న్యూఢిల్లీలోని డాక్ భవన్‌లో ఉన్న జాతీయ తపాలా బిళ్లల ప్రదర్శనశాలలో మన దేశపు బిళ్లల చరిత్ర అంతా చూడవచ్చు. పాఠశాల స్థాయిలో ఈ అభిరుచి గల పిల్లల కోసం తపాలా శాఖ 2017లో 'దీన్‌దయాళ్ స్పర్శ్' పేరుతో ఉపకార వేతనాలు కూడా ప్రవేశపెట్టింది.

కాలం మారింది. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డు పోస్టు స్పీడు పోస్టులో విలీనమైంది. కవర్లపై బిళ్లలకు బదులు కంప్యూటరు అంటించే చీటీలు వచ్చాయి. స్టాంపు కాగితాల స్థానంలో ఈ-స్టాంపులు వచ్చాయి. చెల్లింపులు చేతిఫోనులో జరిగిపోతున్నాయి. వీటిని నిందించడం తగదు. మోసాలు తగ్గడానికీ, పని త్వరగా సాగడానికీ అవి అవసరమే. అయితే ఒక సంగతి మాత్రం గమనించదగినది. నూరేళ్ల కిందట ఒక సామాన్యుడు అప్పు చేస్తే అతని వేలిముద్ర మిగిలింది. నేడు మనం చేసే లావాదేవీలు ఏ యంత్రంలోనో అంకెలుగా ఉంటాయి, మన మనుమలు వాటిని చేతితో తాకి చూడలేరు. కాబట్టి మిగిలిన కాగితాలను కాపాడుకోవడం మన తరం బాధ్యత.

ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లలోను, జమ్మలమడుగు మగ్గాల ఇళ్లలోను, పులివెందుల చీనీ తోటల మధ్య ఉన్న మిద్దెలలోను ఇంకా తెరవని పెట్టెలు ఎన్నో ఉన్నాయి. సెలవులకు ఊరికి వెళ్లే విద్యార్థులు తమ ఇంటి అటకపై ఉన్న పెట్టెను ఒకసారి దించి చూడాలి. అవ్వనో, జేజినాయననో పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క కాగితాన్ని చదివి వినిపించాలి. ఎవరి సంతకమో, ఎవరి వేలిముద్రో, ఆ అప్పు ఏ కరువుకు చేసిందో, ఎవరు తీర్చారో వారినే అడిగి, ఒక తెల్లకాగితంపై రాసి ఆ పత్రంతో కలిపి ఉంచాలి. బిళ్లలు సేకరించాలన్న ఉత్సాహం అక్కడ పుడితే మంచిదే. పుట్టకపోయినా నష్టం లేదు. పెట్టెలోని పేర్లకు తిరిగి మనుషులు దొరుకుతారు.